కోరంగి దగ్గర చేపల గుడ్లగూబ: రోడ్డు మ్యాపు కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి

మీరు అడిగినవి నాలుగు. జనవరిలో హైదరాబాదు నుంచి ముగ్గురు కారులో వస్తే మూడు రోజుల్లో గోదావరి డెల్టాలో అరుదైన గుడ్లగూబ ఒకటి కనిపిస్తుందా? ఎక్కడెక్కడ ఆగాలి? ఫోన్‌లో కూత వినిపిస్తే బయటికి వస్తుందా? 400 ఎం.ఎం. లెన్సు సరిపోతుందా? కూత వినిపించవద్దు, లెన్సు సరిపోతుంది. మిగతా రెండింటికీ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు పంపిన ప్రణాళికలో రోజుకు 200 కిలోమీటర్లు తిరగడం ఉంది. డెల్టాలో గుడ్లగూబ అలా దొరకదు. సరైన సాయంత్రం, సరైన గట్టు మీద, కదలకుండా రెండు గంటలు కూర్చుంటే దొరుకుతుంది.

ముందు ఏ గుడ్లగూబ అన్నది తేల్చుకోండి. "అరుదైనది" అని వెతికితే ఏదీ దొరకదు. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల ప్రాంతానికి తగిన లక్ష్యం గోధుమరంగు చేపల గుడ్లగూబ, అంటే బ్రౌన్ ఫిష్ ఔల్. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇది అంతరించిపోతున్న జాతి కాదు. కానీ దీనికి మూడూ ఒకేచోట ఉండాలి: ఏడాది పొడవునా చేపా పీతా ఉండే నీరు, ఆ నీటికి దగ్గరలో దట్టమైన ఆకులున్న పెద్ద చెట్టు, రాత్రిపూట మనుషుల అలికిడి లేని గట్టు. డెల్టాలో నీటికి కొదవ లేదు. పాత చెట్లే తగ్గిపోయాయి. అలికిడి లేని గట్టు దొరకడం మరీ కష్టం. అందుకే ఒక జతకూ ఇంకో జతకూ మధ్య చాలా దూరం ఉంటుంది. ఒక జత ఉన్న చోటు మాత్రం ఏళ్ళ తరబడి మారదు. తాటి తోపుల్లో, పాత గుళ్ళల్లో, ఊరి మధ్య కనిపించే తెల్లటి కొట్టపు గుడ్లగూబా, కరెంటు తీగల మీద కూర్చునే చిన్న పైడికంటె మీకు ఎలాగూ కనిపిస్తాయి. వాటికోసం ప్రత్యేకంగా సమయం పెట్టనక్కర్లేదు.

ఇక అసలు విషయం, నీరు. కాకినాడ తీరంలో రోజుకు రెండు పోట్లు, అంటే నీరు బాగా ఎక్కే వేళలు, రెండు ఆటులు, అంటే నీరు బాగా దిగే వేళలు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ ఆటు మధ్యాహ్నం 3 గంటలకైతే రేపు 3:50 ప్రాంతంలో, మూడు రోజులు గడిచాక సాయంత్రం 5:30కి వస్తుంది. మీకు కావలసింది ఆ రోజే. నీళ్ళు లాగేసుకుంటున్నప్పుడు మడ చెట్ల కింద పరుచుకున్న చేపలూ రొయ్యలూ పీతలూ పిల్లకాలువల్లోకి దిగి, అక్కడినుంచి పెద్ద పాయలోకి జారతాయి. బురద గట్లు తేలతాయి. చేపల గుడ్లగూబ నీటిలోకి మునిగి వేటాడే పక్షి కాదు. మోడు మీదో, వలకర్ర మీదో కూర్చుని, పైపైన ఈదే చేపను కాళ్ళతో లాక్కుపోతుంది, లేదా లోతులేని నీటిలో నడుస్తూ పీతల్ని పట్టుకుంటుంది. కాబట్టి పిల్లకాలువ పెద్ద పాయలో కలిసే మొగ దగ్గర, పొద్దుగూకే వేళకు ఆటు పడితే, అది రావడానికీ మీకు కనిపించడానికీ రెండింటికీ వీలు. నిండు పోటులో నీరు మడ కొమ్మల దాకా ఎక్కి ఉంటుంది. అప్పుడు పక్షి లోపల ఎక్కడ ఉన్నా బయటికి ఆకులు తప్ప ఏమీ కనబడవు. చాలామంది మూడు రోజులు తిరిగి ఖాళీ చేతులతో వెళ్ళడానికి కారణం ఇదే: సెలవు దొరికిన రోజున వస్తారు, ఆ సాయంత్రం పోటు ఉంటుంది.

ఆటుపోట్ల వేళలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైటులో కాకినాడకు దొరుకుతాయి. వాటిని చూసి, సూర్యాస్తమయానికి గంట అటూ ఇటూగా ఆటు పడే రోజులు నెలలో ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. అలాంటి అవకాశం నెలకు రెండుసార్లు వస్తుంది, ఒక్కోసారి రెండు మూడు రోజులు. అష్టమి దరిదాపుల్లో ఆటుకూ పోటుకూ తేడా తక్కువ, గట్లు సరిగా తేలవు. అమావాస్య, పున్నమి దాటిన కొద్ది రోజుల్లో తేడా బాగుంటుంది. సూర్యాస్తమయం డిసెంబరు మొదట్లో సుమారు 5:25కి, జనవరి మధ్యలో 5:45కి, ఫిబ్రవరి మధ్యకి 6 దాటాక.

పట్టికలో ఉన్న వేళ సముద్రపు ఒడ్డుది. పాయ లోపలికి వెళ్ళేకొద్దీ ఆటు ఆలస్యమవుతుంది, ఎంత అన్నది చోటును బట్టి మారుతుంది. మొదటి సాయంత్రమే దీన్ని కొలుచుకోండి. వంతెన స్తంభం మీద తడి గీత ఉంటుంది, లేకపోతే గట్టున నీటి అంచులో ఒక పుల్ల గుచ్చండి. నీరు దిగడం ఆగి మళ్ళీ ఎక్కడం మొదలైన నిమిషం రాసుకోండి. పట్టికలోని వేళకూ దీనికీ ఉన్న తేడానే మీ చోటుకు సరిపోయే లెక్క. మర్నాడు దాన్ని కలుపుకుంటే చాలు.

కాలం సంగతి: అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల భయం ఉంటుంది, వరి కోతల హడావుడీ ఉంటుంది. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. జనవరి అన్నారు కాబట్టి ఒక్క మాట. సంక్రాంతి వారం, అంటే 11 నుంచి 17 దాకా, కోనసీమకు రావద్దు. గదులు దొరకవు, రోడ్లు నిండిపోతాయి, రాత్రంతా మైకులూ బాణసంచా. ఆ వారంలో గట్టు మీద కూర్చున్నా లోతైన కూత చెవిన పడదు. జనవరి నాలుగో వారం ఆటుతో కుదిరితే అదే ఎంచుకోండి. తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది. చీకట్లో లేచి బండి నడిపే ఆలోచన పెట్టుకోకండి, ఈ పక్షికి సాయంత్రమే మేలు.

మొదటి రోజు హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరం చేరేసరికే ఆరేడు గంటలు గడుస్తాయి. తెల్లవారకముందే బయలుదేరితే మధ్యాహ్నానికి ధవళేశ్వరం దాటవచ్చు. ఆనకట్ట దిగువనే గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. మీ దారి గౌతమి ఎడమ గట్టు వైపు: కడియం, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా యానాం, అక్కడినుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద కోరంగి. కాకినాడకు నేరుగా వెళ్ళే దారి తొందరగా అవుతుంది, కానీ కాలువ గట్ల మీది పాత చెట్లను చూసే అవకాశం పోతుంది.

ఆ చెట్లను చూడడం పగటి పని. చేపల గుడ్లగూబ పగలంతా నీటికి దగ్గరలోని గుబురు చెట్టులో నిద్రపోతుంది. మర్రి, రావి, మామిడి, చింత, నిద్రగన్నేరు, ఏదైనా కావచ్చు. ఒంటరిగా ఉన్న చెట్టు కంటే రెండు మూడు పెద్ద చెట్లు కలిసి నీడ కట్టిన చోటు మేలు. బండి ఆపి చెట్టు కింద తలెత్తి చూస్తూ తిరగవద్దు. ముందు 40, 50 మీటర్ల దూరం నుంచి ఐదు నిమిషాలు వినండి. కాకులు, ఏట్రింతలు, గోరింకలు ఒకే కొమ్మ చుట్టూ చేరి, ఎగరకుండా అక్కడే అరుస్తూ ఉంటే లోపల పాము, పిల్లి లేదా గుడ్లగూబ ఉన్నట్టు. ఉడుత ఒకే చోట ఆగకుండా టక్‌టక్‌మంటున్నా అంతే. ఆ కొమ్మ మొదలు దగ్గర, కాండానికి ఆనుకుని నిలువుగా ఉన్న మచ్చల దిమ్మ కోసం బైనాక్యులర్‌తో వెతకండి. చెవుల్లాంటి ఈక కుచ్చులు రెండు పక్కలకీ వాలి ఉంటాయి.

చెట్టు కింద తెల్లటి రెట్టల మరకలు చూసి సంబరపడవద్దు. కొంగలూ నీటికాకులూ కూడా అలాగే మరకలు వేస్తాయి, అవి గుంపులుగా ఉంటాయి కాబట్టి ఇంకా ఎక్కువ వేస్తాయి. తేడా తెలిసేది ఉండల దగ్గర. గుడ్లగూబ అరగని ఎముకలూ పెంకులూ ఉండగా కక్కుతుంది. చేపల గుడ్లగూబ ఉండలో చేప ముళ్ళు, కప్ప ఎముకలు, పీత పెంకు ముక్కలు ఉంటాయి. బొచ్చు పట్టు లేకపోవడంతో తాకితే పొడిపొడిగా రాలిపోతుంది. కొట్టపు గుడ్లగూబ ఉండ ఎలుక బొచ్చుతో గట్టిగా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. ఎలుక బొచ్చు కనిపిస్తే ఆ చెట్టు వదిలేసి ముందుకు వెళ్ళండి.

ఆటు సమయంలో తేలిన బురద మీద అడుగులు కూడా చెబుతాయి. కొంగ అడుగు సన్నగా పొడుగ్గా, మూడు వేళ్ళు ముందుకు, ఒకటి వెనక్కి. గుడ్లగూబ బయటి వేలు పక్కకూ వెనక్కూ తిరుగుతుంది కాబట్టి రెండు ముందుకు, రెండు వెనక్కో పక్కకో ఉన్నట్టు, లావుగా పొట్టిగా పడుతుంది. ఇవి గట్టు మీది నుంచే బైనాక్యులర్‌తో చూడాలి. బురదలోకి దిగితే మోకాలు దాకా దిగబడతారు, పోటు మళ్ళీ ఎక్కుతుంటే బయటికి రావడం ప్రమాదం. మడ అడవిలో పెరిగే తిల్ల చెట్టు కొమ్మలు పట్టుకోవద్దు. దాని పాలు కంట్లో పడితే విపరీతమైన మంట, కొంతసేపు చూపు కూడా సరిగా ఆనదు.

సాయంత్రం నిలబడే చోటుకు వద్దాం. కోరంగి వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. మడ అడవిలో చెక్క నడకదారి, అటవీ శాఖ పడవలు ఉన్నాయి. కానీ పొద్దుపోకముందే గేటు మూసేస్తారు, రాత్రి లోపల ఉండనివ్వరు. కాబట్టి గుడ్లగూబ కదిలే వేళకు మీరు తప్పనిసరిగా బయట ఉండాలి. దీన్ని ముందే లెక్కలోకి తీసుకోని ప్రణాళిక సాయంత్రం ఐదింటికి గేటు బయట ఆగిపోతుంది. అభయారణ్యం హద్దు బయట, ఊళ్ళ వైపు, పాయలూ మురుగు కాలువలూ మడ అంచును తాకే చోట్లు చాలా ఉన్నాయి. అందరినీ నడవనిచ్చే గట్టు అయి ఉండాలి, ఎదురుగా మొగ కనిపించాలి, అవతలి గట్టున పెద్ద చెట్లు ఉండాలి. మీరు తూర్పుకు మొహం పెట్టి కూర్చోకండి. పడమర ఆకాశంలో వెలుగు సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా నిలుస్తుంది, దాని ముందు నుంచి ఎగిరే పక్షి నల్లగా స్పష్టంగా తెలుస్తుంది. తూర్పు వైపు చీకటి ముందే కమ్ముతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు చెరువుల చప్పుడు వినండి. రొయ్యల చెరువుల్లో గాలిచక్రాలు, అంటే ఏరేటర్లు, రాత్రిపూట ఆగకుండా తిరుగుతాయి. చేపల గుడ్లగూబ కూత చాలా లోతైనది, "బూం... బూం" అనో, మూడు ముక్కలుగా "హుప్-హుప్-హూ" అనో దూరం నుంచి వస్తుంది. ఏరేటరు చప్పుడులో అది పూర్తిగా మునిగిపోతుంది. నీళ్ళు తీసి ఎండగట్టిన చెరువుల పక్కన కూర్చుంటే విని పట్టుకోవచ్చు. గాలి కూడా అంతే. సముద్రపు గాలి గట్టిగా వీస్తుంటే చెట్ల చాటున, గాలి తగలని మలుపులో కూర్చోండి.

సూర్యాస్తమయానికి గంటంబావు ముందే చేరి, బండి దూరంగా పెట్టి, నేల మీద కూర్చోండి. నిలబడిన మనిషి ఆకారం గట్టు మీద చాలా దూరానికి తెలుస్తుంది. ముగ్గురూ మూడు దిక్కులు పంచుకోండి: ఒకరు వలకర్రలూ మోడులూ, ఒకరు అవతలి చెట్ల పైభాగం, ఒకరు నీటి మీద ఎగిరే ఆకారాలు. మాటలు ఆపండి. పొద్దుగూకిన మొదటి అరగంటలో ఎక్కువగా కూతా కదలికా ఉంటాయి. ఒక్కోసారి వెలుగు ఉండగానే వచ్చి మోడు మీద వాలుతుంది. సూర్యాస్తమయం తర్వాత గంట దాకా ఉండి లేవండి. మొదటి రోజు ఏమీ రాకపోతే రెండో రోజూ అదే చోట కూర్చోండి. చోటు మార్చాలని ప్రాణం కొట్టుకుంటుంది. కానీ ఆటు లెక్క, చెట్ల లెక్క, చప్పుడు లెక్క అన్నీ కుదిరిన గట్టును ఒక్క సాయంత్రంతో వదిలేయడం కంటే పెద్ద పొరపాటు ఈ ప్రయాణంలో లేదు.

జాతీయ రహదారి వంతెనల మీద మాత్రం నిలబడవద్దు. లారీల వేగం ఎక్కువ, పక్కన నడిచే చోటు తక్కువ, చీకట్లో మీరు కనిపించరు. చమురు, గ్యాస్ టెర్మినళ్ళ ప్రహరీల దగ్గర కూడా స్కోపు, కెమెరా బయటికి తీయకండి. కాపలావాళ్ళు వచ్చి ప్రశ్నిస్తే ఆ సాయంత్రం అంతా దానికే పోతుంది.

రెండో రోజు ఉదయం పడవ ఎక్కండి. సాయంత్రం 5:30కి ఆటు అయితే ఉదయం 11 దాటాక పోటు, కాబట్టి పది, పదిన్నరకు పాయలో నీరు బాగా ఉంటుంది, పడవ తేలిగ్గా కదులుతుంది. నీరు తక్కువైతే పడవలు నడపరు. ముందు రోజే టికెట్ల దగ్గర వేళ అడిగి ఖాయం చేసుకోండి. ఈ పడవ ప్రయాణం గుడ్లగూబ కోసం అనుకోవద్దు, పిల్లకాలువలు ఎక్కడ కలుస్తున్నాయో చూసుకోవడానికి. నీటిమీద వంగిన పెద్ద మడ చెట్లూ కలింగ చెట్లూ ఎటు ఉన్నాయో, ఏ మోడులు నీటికి మీటరు ఎత్తులో ఖాళీగా ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. గుబురు దగ్గర ఇంజను ఆపమని పడవ నడిపేవారిని మర్యాదగా అడగండి. నీటికుక్కలు కనిపిస్తే అదనపు ఆనందం. మధ్యాహ్నం తిని పడుకోండి, సాయంత్రానికి కళ్ళు తాజాగా ఉండాలి.

స్థానికులను అడగడంలో ఒక పద్ధతి ఉంది. "ఇక్కడ గుడ్లగూబ ఉందా?" అని అడిగితే ఎవరైనా కొట్టపు గుడ్లగూబనే చూపిస్తారు. కొందరు అపశకునమని ఆ మాటే ఎత్తరు. రాత్రి గట్టు మీద ఉండేది ఎవరో వాళ్ళను అడగండి: వల వేసేవాళ్ళు, చెరువు కాపలావాళ్ళు, పీతలు పట్టేవాళ్ళు. ఇలా మొదలుపెట్టవచ్చు:

"బాబాయ్, రాత్రిపూట ఏటి ఒడ్డున వలకర్రల మీద కూర్చుని చేపలు పట్టే పెద్ద పిట్ట ఏదన్నా చూశారాండి?"

"పెద్దదంటే కొంగంత ఉంటదాండి?"

"అంత పొడుగు కాదండి, లావుగా ఉంటది, గద్దకన్నా పెద్దది. కళ్ళు పసుపు పచ్చగా మెరుస్తాయండి."

ఫోటో ముందుగా చూపించకండి. ఒక్క బొమ్మే చూపిస్తే మర్యాద కోసం "ఆ, ఇదేనండి" అనేస్తారు. వాళ్ళు తమ మాటల్లో చెప్పాక, నాలుగు పక్షుల బొమ్మలు పక్కపక్కన పెట్టి ఏదో చూపమనండి: చేపల గుడ్లగూబ, కొట్టపు గుడ్లగూబ, రాత్రి కొంగ, గరుడ పక్షి. కాళ్ళ గురించో, నీళ్ళలో నడవడం గురించో వాళ్ళంతట వాళ్ళే చెబితే ఆ మాట నమ్మవచ్చు. చెరువు కాపలావాళ్ళతో వెలుగు ఉండగానే మాట్లాడి, ఎక్కడ కూర్చుంటారో చెప్పండి. రొయ్యల దొంగల భయంతో వాళ్ళు రాత్రంతా మేలుకుని ఉంటారు. చెప్పకుండా చీకట్లో టార్చి వెలిగిస్తే గొడవ అవుతుంది, తప్పు మీదే అవుతుంది.

ఇక గుర్తింపు. చేపల గుడ్లగూబ 48 నుంచి 61 సెంటీమీటర్ల పొడవు, పొట్ట మీద సన్నటి నిలువు చారలు, గొంతు దగ్గర తెల్లటి మచ్చ, పసుపు కళ్ళు. మొహం పళ్ళెంలా స్పష్టంగా ఉండదు. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు కాళ్ళు: మడమ నుంచి వేళ్ళ దాకా ఈకలు లేకుండా బోసిగా ఉంటాయి. జారే చేపను పట్టుకోవడానికి అరికాళ్ళ మీద ముళ్ళలాంటి గరుకు పొలుసులు ఉంటాయి. పెద్ద కొమ్ముల గుడ్లగూబకు కాళ్ళ నిండా ఈకలు, కళ్ళు నారింజ రంగు, అది రాతి గుట్టల పక్షి, డెల్టా మధ్యలో దాన్ని ఆశించనక్కర్లేదు. ఇంకో తేడా చెవికి తెలుస్తుంది. చాలా గుడ్లగూబల రెక్కల అంచున మెత్తటి కుచ్చు ఉంటుంది, చప్పుడు లేకుండా ఎగురుతాయి. చేపల గుడ్లగూబకు ఆ కుచ్చు దాదాపు లేదు. నీళ్ళలోని చేపకు రెక్కల చప్పుడు వినబడదు కాబట్టి దానికి ఆ అవసరమూ లేదు. దగ్గరగా ఎగిరితే రెక్కల గాలి మీకు వినబడుతుంది.

మసక వెలుగులో ఎక్కువ మందిని మోసం చేసేది రాత్రి కొంగ. అదే వేళకు, అదే మోడుల మీదికి, మెడ ముడుచుకుని లావుగా కనిపిస్తూ వస్తుంది. ఎగురుతూ "క్వాక్" అని గొంతు బొంగురుగా అరుస్తుంది, కాళ్ళు తోక దాటి కొద్దిగా బయటికి కనిపిస్తాయి, ముక్కు పొడుగ్గా ముందుకు ఉంటుంది. గుడ్లగూబ తల గుండ్రంగా, మెడ లేనట్టు, ముక్కు కనిపించకుండా ఉంటుంది. గబ్బిలాలను గురించి చెప్పనక్కర్లేదు, అవి ఎక్కడా కూర్చోవు.

కూత రికార్డు వినిపించడం ఎందుకు వద్దంటే, డిసెంబరు నుంచి మార్చి దాకా దీని గూటి కాలం. పాత గద్ద గూట్లోనో, చెట్టు తొర్రలోనో ఒకటి లేదా రెండు గుడ్లు పెట్టి, నెలకు పైగా పొదుగుతుంది. ఆ కాలంలో ఫోన్ కూత విన్న పక్షి ఇంకో జత తన హద్దులోకి వచ్చిందనుకుని గూడు వదిలి వస్తుంది. ఆ పావుగంటలో కాకులు గుడ్డు ఎత్తుకుపోగలవు. ఏడాదికి పెంచేది ఒకటో రెండో పిల్లలైనప్పుడు ఒక్క గుడ్డు పోవడం చిన్న విషయం కాదు. ఇంట్లో, ప్రయాణానికి ముందు, జీనో-కాంటో వంటి పక్షి కూతల వెబ్‌సైటులో కూతలు హెడ్‌ఫోన్‌తో విని చెవికి అలవాటు చేసుకోండి. గట్టు మీద మాత్రం వినడమే. టార్చి నడవడానికి వాడండి, రక్తపింజరలు గట్ల మీద ఉంటాయి. పక్షి కళ్ళలోకి కొట్టవద్దు, ఫ్లాష్ అసలు వద్దు. అభయారణ్యం లోపలా దరిదాపుల్లోనూ డ్రోను ఎగరేయకండి. గుడ్లగూబలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు, వాటిని వేధించడం నేరం కూడా.

బైనాక్యులర్ 8×42 తెచ్చుకోండి, 10×42 కంటే అదే మేలు. రెండో అంకె అయిన కటకం వ్యాసాన్ని, ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో చెప్పే మొదటి అంకెతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వస్తుంది: 8×42కి 5.25 మిల్లీమీటర్లు, 10×42కి 4.2. మసకలో ఆ ఒక్క మిల్లీమీటరు కాస్త అదనపు చూపు ఇస్తుంది. జేబులో పట్టే 8×25 సూర్యాస్తమయం తర్వాత ఎందుకూ పనికిరాదు. 400 ఎం.ఎం. లెన్సు చాలు, ట్రైపాడ్ తప్పనిసరి. కూర్చున్న పక్షికి సెకనులో 60వ వంతు షట్టరు, ఐఎస్ఓ 3200 నుంచి 6400 దాకా పెట్టి, వరసగా పది పన్నెండు తీస్తే ఒకటి రెండు నిలకడగా వస్తాయి. ఎగిరేటప్పుడు ఫోటో ఆశ వదిలి కళ్ళతో చూడండి. నిండు చేతుల చొక్కా, దోమల మందు, నీళ్ళు, ముదురు రంగు బట్టలు. తెల్ల చొక్కా వేసుకుని రాకండి.

మూడో రోజు కోనసీమ మీదుగా వెనక్కి వెళ్ళాలనుకుంటే యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వంతెన దాటి అమలాపురం చేరండి. దారిలో యానాం పుదుచ్చేరిలోది, అక్కడ అనుమతులకు ఆంధ్ర అధికారులను అడిగి లాభం లేదు. అమలాపురం నుంచి ఓడలరేవు, అంతర్వేది వైపు సముద్రపు గట్టున ఇసుక దిబ్బలూ గడ్డి మైదానాలూ సరుగుడు తోటలూ ఉన్నాయి. నదిలోని లంకల్లో రెల్లు దుబ్బులు ఉన్నాయి. ఇలాంటి బయలు గడ్డి పొట్టి చెవుల గుడ్లగూబకు నచ్చే చోటు. ఉత్తరాది చలి దేశాల నుంచి శీతకాలానికి మన దేశం వచ్చే పక్షి అది, నేల మీద గడ్డిలోనే పడుకుంటుంది, సాయంత్రం వెలుగు ఉండగానే మోకాలి ఎత్తులో మెల్లగా తేలుతూ వేటాడుతుంది. కళ్ళ చుట్టూ నల్లటి రంగు, రెక్క కింద మణికట్టు దగ్గర నల్ల మచ్చ దాని గుర్తులు. దాన్ని ఆశ పెట్టుకుని ప్రయాణం కట్టవద్దు. గడ్డి మీదుగా నడిచి తోలడమూ వద్దు, ఒకసారి లేపిన పక్షిని గద్దలూ కాకులూ వెంటాడతాయి. దారిలో ఎలాగూ ఆగుతారు కాబట్టి దిబ్బ అంచున అరగంట కూర్చుని చూడండి, అంతే. అంతర్వేది నుంచి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం. పంటు వేళ, కారు ఎక్కించుకుంటారా అన్నది ఆ రోజు రేవులో అడగాలి. నీరు మరీ తగ్గినా, గాలి ఎక్కువైనా ఆపేస్తారు. కుదరకపోతే దిండి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు దాటవచ్చు.

పక్షి కనిపించాక, పక్షి చూసేవాళ్ళు తమ జాబితాలు రాసుకునే ఈబర్డ్‌ వెబ్‌సైటులో నమోదు చేయండి, తేదీ, వేళ, ఆటు ఎన్ని గంటలకు, ఎంతసేపు కూర్చున్నారు, విన్నారా చూశారా అన్నీ రాయండి. ఏమీ కనిపించకపోయినా ఆ సాయంత్రపు జాబితా రాయండి, ఎక్కడ లేదో తెలియడం కూడా అవసరమే. గూడు ఉన్న చెట్టు, నిద్రపోయే చెట్టు మాత్రం మ్యాపులో గుచ్చవద్దు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు, ఫోటోలో ఫోన్ రాసిన లొకేషన్ తీసేసి పంపండి. దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్ళున్నారు. మండలం పేరు దాకా చెబితే పక్షి చూసేవాళ్ళకు చాలు, మిగిలింది మీరు నమ్మిన మనిషికి నోటితో చెప్పండి.